'తప్పకుండా' అన్న ఇళ్ళు

మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాలిస్తే చాలు, ఇప్పటికీ నేను తలుపులు తడుతూనే ఉంటాను. కలలో ఎప్పుడూ జూలై నెలే. మిషిగన్‌లో జూలై సాయంత్రాలు ఒక పట్టాన ముగియవు. భోజనాలైనా వెలుగు పోదు. పచ్చిక మీద స్ప్రింక్లర్లు తిరుగుతుంటాయి. కోసిన గడ్డి వాసనలో ఎవరింటి పోపు వాసనో కలిసి వస్తుంటుంది. బెల్ నొక్కుతాను. లోపల అడుగుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు తెరుచుకునేలోగా మెలకువ వచ్చేస్తుంది. మా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, "ఇవాళ ఏ వీధి?" అని అడుగుతారు.

నా పేరు వసుంధర. మాది తెనాలి. పెళ్ళయ్యాక మిషిగన్‌లో నోవై అనే ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఎన్నికల ప్రచారాల్లో ఫీల్డ్ ఆర్గనైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అదేం ఉద్యోగమని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. అభ్యర్థి తరఫున ఇల్లిల్లూ తిరగాలి. ఎవరు మనకి వేస్తారో, ఎవరు వెయ్యరో, ఎవరు అసలు సోఫాలోంచే లేవరో కనిపెట్టాలి. వేసేవాళ్ళని ఓటు దాకా నడిపించాలి. అంతే. "దీనికి జీతం కూడా ఇస్తారా?" అని మా పెద్దాడపడుచు బుగ్గలు నొక్కుకుంది. ఇస్తారు, మరీ చెప్పుకునేంత కాదు.

ఈమధ్య మన పిల్లలు కొందరు చదువులైపోయి ఈ పనిలోకి వస్తున్నారు. యాప్‌లు, మ్యాప్‌లు వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. నాకు తెలిసినవి వాకిళ్ళు. వాటి గురించే రాస్తాను.

డోరతీ ప్రశ్న

నాకు పని నేర్పింది డోరతీ అనే నల్లజాతి పెద్దావిడ. డెట్రాయిట్‌లో స్కూల్ టీచర్‌గా చేసి, ఆ తర్వాత ప్రచారాల్లోకి వచ్చింది. ఆఫీసులో మడత కుర్చీ వేసుకుని, ఎంత ఎండైనా స్వెట్టర్ తొడుక్కుని కూర్చునేది. నేను మొదటిరోజు తిరిగొచ్చి, "అందరూ నవ్వుతూ మాట్లాడారు, అందరూ మనకే వేస్తారట" అని చెబితే, ఆవిడ నా కాగితాలు చూడనైనా చూడలేదు.

"నవ్వింది వాళ్ళ మర్యాద. అది లెక్కలోకి రాదు" అంది. "ఎప్పుడు వెళ్తారు, ఎవరితో వెళ్తారు, అని అడిగావా?"

అడగలేదు. మర్నాడు అవే ఇళ్ళకి మళ్ళీ పంపింది. ఓటు వేసే మనిషికి ఆ ప్రశ్నకి జవాబు ముందే ఉంటుంది. పిల్లని డాన్స్ క్లాసులో దింపి అటే వెళ్తాననో, పనికి పోయే ముందు మా ఆవిడతో వెళ్తాననో చెబుతాడు. వెయ్యని మనిషి, "చూడాలండీ" అని మన భుజం మీదుగా రోడ్డు వంక చూస్తాడు. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. మొహం మీద "వెయ్యను" అన్నవాడికి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి రమ్మంది, మన టైమూ వాడి టైమూ మిగిల్చాడు కాబట్టి. ఆ మాట నాకు అప్పుడు అంత ఎక్కలేదు.

డోరతీకి అర్థం కానివి కొన్ని నాకు మన ఇళ్ళలో తెలిశాయి. ఈ దేశంలో ఎన్నికలు దాదాపుగా అన్నీ మంగళవారాలే. మంగళవారం పూట కొత్త పని మొదలుపెట్టని ఇళ్ళు మనవి. కొత్తగా ఓటొచ్చిన ఒక మామ్మగారు "మొదటి ఓటు మంగళవారం ఏమిటే తల్లీ" అని బెంగపెట్టుకుంటే, పోస్టులో బ్యాలెట్ తెప్పించి శుక్రవారం పూట వేయించాను. రాహుకాలం పోయేదాకా పోలింగ్ బూత్ బయట కార్లో కూర్చున్న డాక్టరుగారిని కూడా ఎరుగుదును. వీటికి నవ్వకండి. ఆచారం ఎరిగి అడిగితే ఆ ఓటు పడుతుంది, ఎగతాళి చేస్తే పడదు.

సుధ ఎందుకు నిలబడింది

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో వచ్చింది సుధ పోటీ. స్టేట్ అసెంబ్లీ సీటుకి మా పార్టీ ప్రైమరీ. ప్రైమరీ అంటే, మన పార్టీలోనే మనవాళ్ళతో పోటీపడి టికెట్ తెచ్చుకోవడం. ఇండియాలో టికెట్ పైనుంచి దిగుతుంది, ఇక్కడ వీధిలోంచి రావాలి. మా సీటులో ప్రైమరీ గెలిస్తే నవంబరులో అసలు ఎన్నిక గెలిచినట్టే. కానీ అది ఆగస్టులో పడుతుంది. ఊళ్ళో సగంమంది సెలవులకి లేక్‌ల దగ్గర ఉంటారు. ఓటేసేవాళ్ళు తక్కువ కాబట్టి నాలుగు వీధులు అటూ ఇటూ అయితే ఫలితం తారుమారవుతుంది.

సుధ ఫార్మసిస్టు. మందుల కౌంటర్ వెనక నిలబడి ఊరందరి రోగాలూ తెలిసిన పిల్ల. మా సబ్‌డివిజన్‌కీ, అంటే మా ఇళ్ళ కాలనీకీ, స్కూలుకీ మధ్య పెద్ద రోడ్డుంది. దాటేచోట సిగ్నల్ లైటు లేదు. సుధ కొడుకు అక్కడే సైకిల్ మీద పోతూ కారు తగిలి పడ్డాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. లైటు పెట్టమని సిటీ వాళ్ళని అడిగితే, రోడ్డు స్టేటుదన్నారు. స్టేటు వాళ్ళని అడిగితే, పరిశీలిస్తామన్నారు. "అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది ఆంటీ. అడిగే సీట్లో కాదు, చెప్పే సీట్లో కూర్చోవాలి" అంది నాతో. ఆ పిల్లకి కావలసింది ఆ లైటు. గెలుపు దానికోసమే.

అవతల టామ్. చాలాకాలం సిటీ కౌన్సిల్‌లో ఉన్నాడు. చిన్నపిల్లలకి సాకర్ నేర్పేవాడు. పిల్లలూ, ప్రైమరీలో అవతలివాడు చెడ్డవాడై ఉండడు. మన మాటలే కాస్త వేరే గొంతుతో మాట్లాడుతుంటాడు. ప్రైమరీలో ఉన్న కష్టమంతా అదే.

ఇక మావైపు రావుగారు. తెలుగు సంఘానికి మాజీ ప్రెసిడెంటు. మంచి మనిషి, గొంతు పెద్దది, ఓపిక తక్కువ. హాలు బుక్ చేసి, బిర్యానీ పెట్టించి, సుధని స్టేజీ ఎక్కించారు. హాలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. రావుగారు మీసం దువ్వుకుంటూ ఖాళీ ప్లేట్ల దొంతర చూపించి, "వసుంధరమ్మా, ఇవన్నీ మన ఓట్లే" అన్నారు.

"రావుగారూ, తిన్నవాళ్ళందరికీ ఓటుందా?" అన్నాను.

"అదేం మాటమ్మా. మనవాళ్ళు కదూ."

ఆయన ఓటర్ల జాబితా పట్టుకుని తిరగలేదు. ఉగాదికి పిలుపులు పంపే వాట్సాప్ గ్రూపు పట్టుకుని తిరిగారు. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, "తప్పకుండా అండీ, మన అమ్మాయి కదా" అన్నారు. ఆయన అన్నిటికీ టిక్కు పెట్టుకొచ్చారు. ఆ టిక్కులు చూసి సుధ మొహం వెలిగిపోయింది. గెలుస్తున్నామనే అనుకుంది. నాకు మాత్రం డోరతీ స్వెట్టరు గుర్తొచ్చింది.

ప్రభాకర్ వాకిట్లో

నా మనసు ఊరుకోక, ఒక సాయంత్రం సుధనీ రావుగారినీ వెంటేసుకుని ఆ టిక్కుల ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాను. ఆ సాయంత్రమే నాకు ఎక్కువగా కలలోకి వస్తుంది. ఎండ తేనె రంగులోకి దిగింది. వీధి చివర పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, వాళ్ళ నీడలు మా కాళ్ళ దాకా సాగుతున్నాయి. ఐస్‌క్రీమ్ బండి పాట ఏదో వీధిలోంచి వినిపిస్తోంది గానీ బండి కనిపించదు. అలా నడుస్తూ నడుస్తూ ఒక తలుపు ముందు ఆగాం.

ఆ ఇల్లు ప్రభాకర్‌ది. వరంగల్ మనిషి, కార్ల కంపెనీలో ఇంజనీరు, నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే "రండ్రి, రండ్రి" అని తలుపు బార్లా తీశాడు. వాకిట్లోనే నిలబడి సుధ తన మాట చెప్పింది.

"తప్పకుండా అక్కా. సుధమ్మ మన మనిషే కదా" అన్నాడు.

"సంతోషం తమ్ముడూ. ఎప్పుడు వెళ్తావు మరి, ఎవరితో వెళ్తావు?" అన్నాను.

అతను తన చెప్పుల వంక చూసుకున్నాడు. "ఆఫీసు నుంచి వచ్చినంక... చూసుకొని పోతం."

రావుగారికి విషయం అర్థమైపోయింది. అంటే, అయిందనుకున్నారు. "ఓహో, ఇంకా ఓటరుగా రిజిస్టర్ అవ్వలేదా? దానికింత మొహమాటం దేనికయ్యా. ఇదిగో ఫారం, ఇక్కడో సంతకం పడేయ్. నిన్నగాక మొన్న చాలా ఇళ్ళలో ఇచ్చొచ్చాను" అని క్లిప్‌బోర్డు అతని చేతిలో పెట్టారు.

ప్రభాకర్ పెన్ను తీసుకున్నాడు. అతని వెనక భార్య లత టీ కప్పుల ట్రేతో వచ్చి, ఆ కాగితం చూసి అక్కడే ఆగిపోయింది. ఆమె మొహం చూడగానే నాకు అసలు సంగతి తట్టింది. నా అరచెయ్యి కాగితం మీద అడ్డంగా పెట్టేశాను.

"తమ్ముడూ, నీకు సిటిజన్‌షిప్ ఉందా?"

అతను పెన్ను క్లిప్‌బోర్డు మీద పెట్టేశాడు. పక్కింటి స్ప్రింక్లర్ తిరుగుతోంది.

"లేదక్కా. గ్రీన్ కార్డే. ఇంకా ఏండ్లు పడ్తది" అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇదొక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సిటిజన్ కానివాళ్ళు ఆ ఫారం మీద సంతకం పెడితే వాళ్ళ బతుకు మీదికి వస్తుంది. కార్డు పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, పిల్లల్ని స్కూల్లోంచి తీసి దేశం వదలాల్సి రావచ్చు. పొరపాటున పెట్టానంటే వినేవాళ్ళు ఉండరు. వీసా కాగితాలన్నీ పదిలంగా దాచుకున్న మనిషి, ఒక్క నిమిషంలో అదంతా పోగొట్టుకునేవాడు.

"అది తెలిసీ పెన్నెందుకు తీసుకున్నావయ్యా?" అని కోప్పడ్డాను.

"పెద్దాయన ఇంటిదాంక వచ్చి అడిగిండు. కాదని ఎట్లంటనక్కా?" అన్నాడు.

రావుగారి గొంతు మొదటిసారి చిన్నదైంది. "అయ్యో, నాకేం తెలుసమ్మా" అన్నారు. తెలుసుకోవాలి కదా అని ఆ వాకిట్లోనే నాలుగు చివాట్లు పెట్టాను. సుధ మెట్టు మీద కూలబడింది. టిక్కుల ఇళ్ళలో ఓట్లు లేవని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆమె అడిగింది మాత్రం వేరే.

"ఎన్ని ఇళ్ళలో ఇచ్చారండీ ఆ ఫారాలు?"

రావుగారికి గుర్తులేదు.

పక్కింటి వాకిట్లో వాల్టర్ అనే ముసలాయన మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. చలికాలం ఆయన డ్రైవ్‌వేలో మంచు తీసేది ప్రభాకరే. వచ్చాం కదా అని ఆయన్నీ ఓటడిగాను. ఆయన పైపు కట్టేసి తిన్నగా సుధ మొహంలోకి చూశాడు. "వెయ్యనమ్మా. మా అమ్మాయికి బంతి తన్నడం టామ్ నేర్పాడు, నా ఓటు అతనికే. కానీ లైటు సంగతి నువ్వు చెప్పింది నిజం. ఆ మాట అతనికి నేను చెబుతాను" అన్నాడు.

కార్లోకి ఎక్కి సుధ సీటుబెల్టు పెట్టుకుంది. "ఇవాళ నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే ఆంటీ" అంది.

శని, ఆదివారాలు

ప్రచారంలో శని, ఆదివారాలు బంగారం. జనం ఇళ్ళలో దొరికేది అప్పుడే. మిగిలిన వారాంతాలు రెండో మూడో. నేను సుధతో ఖచ్చితంగా చెప్పాను. "ఆ ఫారాల ఇళ్ళకి నేను ఫోన్లు చేస్తాను. నువ్వు ఓటున్న ఇళ్ళకి పో. అభ్యర్థి వాకిట్లో నిలబడితే పడే ఓట్లు ఇంకెవరు నిలబడ్డా పడవు."

"ఫోన్లో చింపెయ్యమంటే 'తప్పకుండా' అంటారు ఆంటీ. చింపారో లేదో మనకెలా తెలుస్తుంది?" అంది.

 అయినా వాదించాను. ఈ మాట ఇప్పటికీ అంటాను, గెలుపు లెక్కలో నాదే సరైన సలహా. సుధ వినలేదు. ఆ శనివారం, ఆదివారం, ఓటు లేని ఇళ్ళ చుట్టూ తిరిగింది. ప్రతి వాకిట్లోనూ, "మీకు ఓటు లేకపోతే నాతో చెప్పడానికి సిగ్గుపడకండి. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి" అంటూ వాళ్ళ చేతే చింపించింది. నేనూ రావుగారూ వెనకాలే నడిచాం. ఒక ఇంట్లో కొత్తగా పెళ్ళయిన జంట ఇద్దరూ నింపి, సంతకాలు పెట్టి, సోమవారం పోస్టు చెయ్యాలని తాళాల పళ్ళెంలో పెట్టుకున్నారు. ఆ అమ్మాయి చింపుతూ చింపుతూ ఏడ్చేసింది. సుధ ఆమెని పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ రెండు రోజులూ నాకు నీళ్ళ అడుగున నడిచినట్టు గుర్తు. ఎండ, తలుపులు, కాగితం చిరిగిన చప్పుడు, మళ్ళీ తలుపులు. టామ్ మనుషులు ఎదురు వీధుల్లో ఓటున్న ఇళ్ళు చకచకా కొట్టుకుంటూ పోతుంటే చూస్తూనే ఉన్నాం.

ఆగస్టులో సుధ ఓడిపోయింది. తేడా ఎంతంటే, ఆ జనం ఒక స్కూలు బస్సులో పడతారు.  ఆ వారాంతం మా చేతిలో ఉంటే గెలిచేవాళ్ళమని ఆవేళా అనుకున్నాను, ఇవాళా అనుకుంటున్నాను. సుధ మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న మందుల కౌంటర్ వెనక నిలబడింది. రావుగారికి కూడా జ్ఞానోదయమైంది. ఇప్పుడు ఆయన ఎవరికైనా ప్లేటు ఇచ్చేముందే సిటిజనేనా అని అడుగుతారు, జనం హడలిపోతున్నారు.

లైటు సంగతి చెప్పాలి. గెలిచిన టామ్‌కి వాల్టర్ ఫోన్ మీద ఫోన్ కొట్టాడు. నీకు ఓటేసినవాణ్ణి అడుగుతున్నాను అంటాడట. ఏడాది తిరిగి కొన్నాళ్ళయ్యాక స్తంభాలు లేచాయి. మొదటిరోజు సుధ కొడుకు బటన్ నొక్కి రోడ్డు దాటుతుంటే సుధ ఇవతలే నిలబడి చూసింది. "టామ్‌కి థాంక్స్ చెప్పొచ్చాను ఆంటీ" అంది నాతో. నాకైతే ఒళ్ళు మండింది.

రెండోసారి

నాలుగేళ్ళకి సుధ మళ్ళీ నిలబడింది. ఈసారి స్కూళ్ళ సంగతులు పట్టుకుంది. అవతల మళ్ళీ టామే. అదే నా ఆఖరి ప్రచారం. గెలిచింది, అదీ అంచు మీదే. వాట్సాప్ గ్రూపు గుమ్మం తొక్కకుండా ఓటర్ల జాబితా పట్టుకునే తిరిగాం. ఆ గెలుపు సంగతి పేపర్లలో వచ్చింది. పేపర్లలో రానిది ఒకటుంది.

ఆ జూలైలో జాబితాలో ప్రభాకర్ పేరు కనిపించింది. సిటిజన్‌షిప్ వచ్చిందన్నమాట. నేనూ సుధా నడుచుకుంటూ వెళ్ళాం. అదే తేనెరంగు ఎండ, అదే స్ప్రింక్లర్. సైకిళ్ళ మీద వేరే పిల్లలు. తలుపు తీసి, మమ్మల్ని చూసి, మొహమంతా నవ్వుతో "రండ్రి" అన్నాడు. కొంచెం జుట్టు నెరిసింది.

"తమ్ముడూ, ఈసారి నీ పేరు నా కాగితంలో ఉందయ్యా" అన్నాను. "సుధకేనా మరి?"

నవ్వు అలాగే ఉంది గానీ కదలకుండా ఆగింది. నా వంక చూశాడు. సుధ వంక చూశాడు. చెప్పుల వంక చూసుకుంటాడనుకున్నాను, చూసుకోలేదు.

"లేదక్కా" అన్నాడు. "లైటు టామ్ పెట్టించిండు. నా బిడ్డ దినాం ఆడ్నే దాటుతది. మొదటి ఓటు ఆయనకే ఏస్త అనుకున్న. సుధమ్మా, ఏమనుకోకు."

లోపల్నుంచి లత, "అయ్యో, వాకిట్లనే గట్ల చెప్తరా?" అంది. అతను మాత్రం తగ్గలేదు.

సుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ లైటు కోసం మొదట నిలబడిందే తను. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా, సుధ నా చెయ్యి నొక్కింది. తనే ముందుకు జరిగి డోరతీ ప్రశ్న అడిగింది.

"ఎప్పుడు వెళ్తున్నారన్నా? ఎవరితో?"

"పొద్దున ఏడింటికి. తలుపులు తియ్యంగనే. వాల్టర్‌కు మోకాలు బాలేదు, కార్ల ఎక్కించుకొని నేనే తీసుకపోత" అన్నాడు, చాలాకాలంగా దాచుకున్న జవాబు చెప్పినట్టు.

"మంచిది అన్నా. థాంక్స్" అంది సుధ. మనస్ఫూర్తిగానే అంది. నేను కాగితంలో ఆ ఇంటి ఎదురుగా 'వెయ్యరు' అని రాసుకున్నాను.  నాకు కలిగింది దుఃఖమో సంతోషమో అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తెలుసు. ఎవరు తలుపు తట్టినా కాదనలేకపోయిన మనిషి, తన వాకిట్లో నిలబడి, నా కళ్ళలోకి చూసి, కాదన్నాడు.

కలలో తలుపు తెరుచుకోకముందే మెలకువ వస్తుందని చెప్పాను కదా. ఒక్క తలుపు మాత్రం ఈమధ్య తెరుచుకుంటోంది. ప్రభాకర్ నిలబడి ఉంటాడు. "మీకు ఎయ్యనక్కా. లోపలికొచ్చి చాయ్ తాగిపో" అంటాడు. నేను చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్తాను.